తాండ్ర కింద బేస్‌బాల్ కార్డు

వస్తువుకు మహిమ ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఈ ఒక్క మాటనే నూజివీడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో మైకు పట్టుకుని చెబుతున్నాను. తాయెత్తుకు మహిమ లేదు. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయకు లేదు. ఎక్కడి నుంచో సీసాలో పట్టి తెచ్చిన పవిత్ర జలానికీ లేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పినన్నాళ్ళూ పిల్లలకు చెప్పాను, రిటైరయ్యాక పెద్దవాళ్ళకు చెబుతున్నాను. అలాంటి నన్ను మూడంగుళాల అట్టముక్క ఒకటి ఎలా లొంగదీసిందో నేనే రాయడం న్యాయం. ఇంకెవరైనా చెబితే లేనిపోనివి చేరుస్తారు. ముఖ్యంగా మా బావగారు.

బావగారంటే నా భార్య అన్నగారు. పాస్టరు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, మాది మామిడితోటల రైతు కుటుంబం, మా ఇద్దరిదీ రిజిస్టరు పెళ్ళి. ఆ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిన వారం నుంచి ఆయనా నేనూ ప్రతి ఆదివారం సాయంత్రం మా వరండాలో కూర్చుని దేవుడున్నాడా లేడా అని వాదించుకుంటున్నాం. ఇంతవరకు తేలలేదు. టీపొడి మాత్రం బాగా ఖర్చయింది.

అసలు ఈ రోగం అంటించింది ఆయనే. రెండేళ్ళ క్రితం వాళ్ళ చర్చికి విదేశీ అతిథులెవరో వచ్చి, సండేస్కూలు పిల్లలకు పంచమని ఒక డబ్బా నిండా బేస్‌బాల్ కార్డులు ఇచ్చి వెళ్ళారు. పేకముక్క కంటే కాస్త పెద్దవి. ముందు ఆటగాడి ఫోటో, వెనక అతను ఎన్ని కొట్టాడు, ఎన్ని పట్టాడు అనే పట్టిక. పిల్లలు డబ్బా తెరిచి చూసి, “ఇందులో క్రికెటర్లు లేరా అంకుల్?” అని మూసేశారట. బావగారు దాన్ని తెచ్చి మా టీపాయ్ మీద పెట్టారు.

“మీకు కాగితాలంటే ఇష్టం కదా బావగారూ, ఉంచండి.”

నేను సంతోషంగా ఉంచుకున్నాను. అప్పుడు నేను ‘వస్తుపూజ’ అనే పెద్ద వ్యాసం రాస్తున్నాను. మహానుభావుల పాదరక్షలు, పళ్ళు, వెంట్రుకలు అద్దాల పెట్టెల్లో పెట్టి కొలిచే పిచ్చిని ఉతికి ఆరేయాలని ఉద్దేశం. అందులో ఒక పేరా ఈ కార్డులకు కేటాయిద్దామనుకుని ఫోనులో వెతికాను. ఆటగాడు పెద్ద పోటీల్లోకి వచ్చిన మొదటి ఏడాది అచ్చయ్యే కార్డును రూకీ కార్డు అంటారని తెలిసింది. ఆ కుర్రాడు ముందుముందు గొప్పవాడవుతాడని నమ్మేవాళ్ళు దాన్ని ఎగబడి కొంటారు. కొన్ని కార్డులకు లారీ బంగినపల్లి కాయలకు పలికేంత ధర పలుకుతోంది. ఇంతకంటే పచ్చి మూఢత్వం ఉంటుందా అని నేను మండిపడుతూ చదివాను. మండిపడుతూనే ఇంకొంచెం చదివాను. నాలుగో రోజు, కేవలం పరిశోధన కోసం, ఒక కార్డు కొన్నాను.

వ్యాసం ఇంకా పూర్తికాలేదు.

ఇలా కార్డులు పోగేసేవాణ్ణి ఇంగ్లీషులో కలెక్టర్ అంటారు. నేను కలెక్టరునయ్యానని మా ఊళ్ళో చెప్పుకునే వీలు కూడా లేదు. ఇక్కడ కలెక్టరంటే జ్యూసు ఫ్యాక్టరీకి తోలే ఒక రకం మామిడికాయ.

విజయవాడలో కార్డుల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరే తీసుకున్నాను, నేను చెప్పబోయే కార్డు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, బ్యాటు భుజం మీద పెట్టుకుని నవ్వుతూ ఉంటాడు. వెనకంతా వెండి మెరుపు. వెలుగులో కాస్త వంచితే ఇంద్రధనుస్సు అంచు నుంచి అంచుకు పరిగెడుతుంది. ఆ ఆట నియమాలు నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియవు. బంతి గాల్లోకి లేస్తే మంచిదో చెడ్డదో జనం అరుపును బట్టి తెలుసుకుంటాను. అక్కడ సాయంత్రం ఆడితే మనకు తెల్లారుతుంది కాబట్టి, పాలవాడు వచ్చే వేళకు నేను ఫోను ముందు కూర్చునేవాణ్ణి.

ఒకరోజు నా కేకకు మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

“ఏంటండీ? ఏమైంది?”

“మడమ బెణికింది.”

“అయ్యయ్యో, ఎవరికి?”

“మనవాడికి.”

“మనవాడెవడండీ?”

ఫోను చూపించాను. ఆవిడ చూసి, నా వైపు చూసి, “ఆ పిల్లాడికి మనం ఉన్నట్టు తెలుసా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆవిడ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసింది. తప్పు చేసిన వాణ్ణి నిలబెట్టి వెళ్ళిపోవడం ఆవిడకు అలవాటు.

కార్డును చూడాలంటే చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, తెల్ల నూలు గ్లౌజులు తొడుక్కుంటాను. చర్మంలోని నూనె అట్టకు శత్రువు. ఇది రసాయన శాస్త్రం. కానీ మా ఆవిడ, “మా చర్చిలో ప్రభువు బల్ల గిన్నెల్ని కూడా ఇంత భయంగా ముట్టుకోరు” అంటుంది. మా అక్కయితే తిన్నగా, “మడి కట్టుకున్నావేంట్రా?” అంటుంది. మడికి, పదార్థ పరిరక్షణకు తేడా ఏమిటో ఇద్దరికీ వేరువేరుగా, ఉదాహరణలతో వివరించాను. ఇద్దరూ ఒకేలా నవ్వారు.

ఇక అసలు సంగతి. అమెరికాలో ఈ కార్డుల్ని పరీక్షించే కంపెనీలున్నాయి. నాలుగు మూలలు, నాలుగు అంచులు, పై మెరుపు, బొమ్మ సరిగ్గా మధ్యలో అచ్చయిందా లేదా, ఇవన్నీ చూసి ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతారు. పది అంటే పరిపూర్ణం. విజయవాడ వ్యాపారి అందరి కార్డులూ పోగుచేసి ఒకే పెట్టెలో పంపుతాడు. ఆ వేసవిలో పెట్టె సోమవారం వెళ్తుందని కబురు చేశాడు.

నాకు పది కావాలి. దీన్ని ఏ తర్కంతోనూ సమర్థించుకోను. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రాక్టికల్స్‌లో ఎవడికీ పూర్తి మార్కులు వేయలేదు. పరిపూర్ణత ప్రకృతిలో ఉండదని చెప్పి ఒకటో రెండో కోసేవాణ్ణి. ఇప్పుడు నాకు మాత్రం ఒక్కటీ కోయకూడదు. రోజూ భూతద్దం పెట్టి నాలుగు మూలలూ చూసేవాణ్ణి. నాలుగూ సూదుల్లా ఉండేవి.

ఆ బుధవారం గాలివాన వచ్చింది. గురువారం పొద్దున తొడుగులోంచి తీసి బల్ల మీద పెడితే, కార్డు రెండు కొసలూ నూలుపోగంత పైకి లేచి ఉన్నాయి. రెండు లోహాల పట్టీ వేడికి ఎందుకు వంగుతుందో క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పాను. ఇదీ అంతే. అట్ట తేమ పీల్చి సాగుతుంది, దాని మీద మెరుపు పొర సాగదు, దాంతో మొత్తం వంగుతుంది. కారణం క్షుణ్ణంగా తెలుసు. ఏడుపు మాత్రం ఆగలేదు.

సరిగ్గా అప్పుడే అక్క దిగింది. రెడ్డిగూడెం దగ్గర మా తోట చూసుకునేది అక్కే. వాన ముందు గాలికి రాలిన రసాలు వృథా కాకుండా తాండ్ర వేస్తుంది. ఎండ బాగా తగులుతుందని మా డాబా మీదే వేస్తుంది. రసం తీసి, బెల్లం కలిపి, తాటాకు చాప మీద పలచగా పూసి, ఎండాక దాని మీద ఇంకో పూత. అలా వారం రోజులు. ముందు వారం వేసిన తాండ్ర టార్పాలిన్ కింద ఉండి బుధవారం వానకు తడవలేదు; మళ్ళీ వాన పడకముందే దాన్ని వెనక గదిలోకి చేర్చడానికి ఆటోలో వచ్చింది.

“ఏంట్రా ఆ మొహం? కాయ రాలింది నాకు, దిగులు నీకా?”

“కార్డు వంగిందక్కా.”

అక్క బల్ల అంచుకు కన్ను ఆనించి ఒక కన్ను మూసి చూసింది.

“దీనికేనా? తాండ్ర కొసలు కూడా ఇలాగే లేస్తాయి. బరువు కింద పెడితే రెండు రోజుల్లో చెప్పిన మాట వింటుంది.”

“ఇది తాండ్ర కాదక్కా.”

“వంపు వంపే కదరా.”

“నేను ఫిజిక్సు చదువుకున్నాను.”

“నేను తాండ్ర చేశాను.”

ఇంతకంటే వాదించే తీరిక లేదు. చాట్రాయి మండలంలో రెండు రోజుల కార్యక్రమం ఉంది. ఎవడో స్వామి మంత్రించిన రాగి రేకులు అమ్ముతున్నాడు, ఇంట్లో పెట్టుకుంటే తోటకు తెగులు రాదంటున్నాడు. కార్డును మళ్ళీ తొడుగులో పెట్టి, తొడుగును లావుపాటి డిక్షనరీ మధ్యలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి బస్సెక్కాను.

చాట్రాయిలో నేను మాట్లాడిన మాటలు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాగి రేకు రాగి రేకే, దాన్ని బీరువాలో దాచి దండం పెట్టేవాడి బుర్రకే తెగులు, అన్నాను. చప్పట్లు మోగాయి. అప్పుడు వెనక వరసలోంచి ఒక రైతు లేచాడు.

“మాస్టారూ, తమరింట్లో ఏదో బొమ్మ ఉందటగా. చేతికి తొడుగులు వేసుకుని గానీ ముట్టుకోరటగా. అదేంటండీ?”

“అది సేకరణ,” అన్నాను.

“మాదీ సేకరణే అనుకోండి మరి,” అని కూర్చున్నాడు. వాడికీ చప్పట్లు మోగాయి. నాకంటే కాస్త ఎక్కువే మోగాయి.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా డిక్షనరీ తెరిచాను. తొడుగు ఉంది. అందులో కార్డు లేదు.

“నేను ముట్టుకోలేదండీ,” అంది మా ఆవిడ, నేను నోరు తెరవకముందే. “అది ఉన్న వైపు గాలి కూడా పీల్చను నేను.”

వెనక గదిలోంచి అక్క గొంతు వినిపించింది. “కంగారుపడకు. పడుకోబెట్టాను.”

వెళ్ళి చూస్తే నేల మీద తాటాకు చాప. చాప మీద దుప్పటిలా మడతపెట్టిన తాండ్ర. తాండ్ర మీద పీట. పీట మీద సన్నికల్లు. అదీ చాలదని దాని మీద నా వ్యాససంపుటి అమ్ముడుపోని కట్టలు రెండు.

“నీ పుస్తకాలు మంచి బరువురా,” అంది అక్క మెచ్చుకోలుగా.

“కార్డేదక్కా?”

“అందులోనే. తాండ్ర మడతలో.”

“తాండ్రలోనా!”

“మరి? రాయి నేరుగా పెడితే గీతలు పడవూ? అందుకని పైన మెత్తగా ఒక పొర, కింద ఒక పొర.”

“తొడుగులోంచి ఎందుకు తీశావు?”

“ప్లాస్టిక్కులో ఉంటే వంపు ఎలా పోతుందిరా? నువ్వే చెప్పు, ఫిజిక్సు చదివావుగా.”

నిజమే, పోదు. ఒక్కో ప్రశ్నకూ అక్క దగ్గర సరైన జవాబుంది. జీవితంలో ఎంతోమంది మూఢుల్ని ఎదుర్కొన్నాను గానీ, ఇంత హేతుబద్ధంగా నా కొంప ముంచినవాళ్ళు లేరు.

“అంటుకుంటుందేమో అని భయపడ్డావా? అంటుకోదు. రెండు వైపులా నెయ్యి రాశా.”

నేను గోడ పట్టుకున్నాను. చర్మంలోని నూనెకే గ్లౌజులు తొడుక్కునే మనిషిని నేను.

సన్నికల్లు దించి, పీట తీసి, మడత విప్పాం. కిటికీలోంచి చీమలు బారు కట్టి లోపలికి వస్తున్నాయి. ఆ బారు సూటిగా మా కుర్రాడి దగ్గరికే సాగుతోంది. ఒక చీమ అతని బ్యాటు మీద నడుస్తోంది. కార్డు లేపితే తాండ్ర మీద నలుపలకల అచ్చు పడి ఉంది. మా ఆవిడ వంగి చూసి, “మూలలు ఎంత పదునుగా పడ్డాయో చూడండి,” అంది. తర్వాత ఆ ముక్క తుంచి నోట్లో వేసుకుని, “రుచి మాత్రం మారలేదు వదినా,” అని అక్కకు ధైర్యం చెప్పింది. నాకు ఎవరూ చెప్పలేదు.

దూదితో తుడిచాను. మళ్ళీ తుడిచాను. చెప్పక తప్పదు, కార్డు గాజుపలకలా చదునుగా ఉంది. వంపు జాడ లేదు. మెరుపు చెక్కుచెదరలేదు, పైగా కాస్త పెరిగినట్టుంది. కుడి చేతివైపు కింది మూలలో మాత్రం, భూతద్దంలో చూస్తే తప్ప తెలియనంత పసుపు ఛాయ. ముక్కు దగ్గర పెట్టుకుంటే నేతి వాసన.

“వాసనకు మార్కులు కోస్తారా?” అడిగింది అక్క, మొదటిసారి కాస్త బెరుకుగా.

“వాళ్ళు కళ్ళతో చూస్తారక్కా, ముక్కుతో కాదు,” అన్నాను. నాకే ధైర్యం వచ్చింది. పది ఇంకా పోలేదు.

శనివారం పొద్దున ఆర్టీసీ బస్సెక్కి, కార్డును గుండెకు ఆనించుకుని విజయవాడ వెళ్ళాను. కార్డును తుడవడం, చదును చేయడం వంటివి చేస్తే మార్కు వేయరని నియమం. చేశారా అని ఫారంలో ఎక్కడా అడగలేదు. కానీ దాపరికం చేసే స్వాముల్ని జీవితమంతా నిలదీసినవాణ్ణి నేను. కింద ఖాళీ చోట ఇంగ్లీషులో స్పష్టంగా రాశాను: ఈ కార్డును ఒక పగలు, ఒక రాత్రి నెయ్యి రాసి మామిడి తాండ్ర మధ్య బరువు కింద ఉంచడం జరిగింది, తర్వాత దూదితో తుడిచాను. సంతకం పెట్టి, నా నిజాయితీకి నేనే పొంగిపోతూ ఇంటికి బయల్దేరాను. ఆ పొంగు బస్సు ఏలూరు కాల్వ దాటేదాకా ఉంది. అక్కడి నుంచి నూజివీడు దాకా ఎందుకు రాశానా అని ఏడుస్తూనే ఉన్నాను.

ఆదివారం సాయంత్రం బావగారు వచ్చారు. అక్క ఇంకా వెళ్ళలేదు. నలుగురం వరండాలో కూర్చున్నాం. దేవుడి సంగతి ఇంకా మొదలుపెట్టకముందే ఫోను మోగింది. విజయవాడ వ్యాపారి. స్పీకరు పెట్టాను.

“సార్, ఫారం కింద ఏంటండీ ఇది? నెయ్యి ఏంటి సార్?”

“నిజం రాశాను.”

“నిజం రాయడానికి అక్కడ కాలమ్ లేదు కదండీ! ఇది చదివితే వాళ్ళు నంబరెయ్యరు సార్. కార్డు చూస్తే అద్భుతంగా ఉంది. నా కంటికి ఏమీ కనబడట్లేదు. కొత్త ఫారం నేను రాసేస్తా, ఇది చించేస్తా. మీరు ఊ అనండి చాలు.”

అక్షరం ఒక్కటే. అది కూడా నోరు తెరవకుండా అనొచ్చు. నా గొంతులో అది తయారైపోయింది కూడా. నేను అబద్ధం రాయడం లేదు కదా, అడగనిది చెప్పకపోవడం అబద్ధం కిందకు రాదు కదా అని నా తర్కమంతా ఒక్కసారిగా వ్యాపారి పక్షాన చేరింది. అప్పుడు బావగారు నా మోకాలి మీద చెయ్యి వేశారు.

“దిగులుపడకండి బావగారూ. మీకు పది రావాలని ఇవాళ ఆరాధనలో ప్రార్థన చేశాను.”

“కార్డు కోసమా!”

“పేరు చెప్పలేదు. ఒక సహోదరుని మనసులోని కోరిక అన్నాను. సంఘమంతా ఆమెన్ అంది.”

“నేనూ మొక్కుకున్నాలే,” అంది అక్క. “పది వస్తే ఆంజనేయస్వామికి పది కొబ్బరికాయలు.”

“ఆంజనేయస్వామికి ఎందుకక్కా?”

“ఆ పిల్లాడి భుజం మీద గద ఉందిగా.”

ఫోనులో వ్యాపారి, “సార్? సార్, ఉన్నారా?” అంటున్నాడు.

నేను ఉన్నాను. ఉండి భవిష్యత్తును చూస్తున్నాను. పది వస్తుంది. వచ్చే ఆదివారం చర్చిలో బావగారు సాక్ష్యం చెబుతారు, నాస్తికుడి అట్టముక్క మీద కూడా ప్రభువు కృప చూపాడని. అక్క పది కొబ్బరికాయలు ఆటోలో వేసుకుని గుడికి పోతుంది, దారిలో కనబడిన ప్రతివాడికీ ఎందుకో చెబుతుంది. ఆ కబురు చాట్రాయి దాకా పాకుతుంది. వెనక వరస రైతు చప్పట్లు కొడతాడు. నా నాలుగు మూలలకు, నా భూతద్దానికి, నా తెల్లవారుజాములకు ఎక్కడా చోటుండదు. ఇద్దరు దేవుళ్ళు ఆ పదిని చెరో ఐదు పంచుకుంటారు.

“చించొద్దు!” అని అరిచాను. “ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. నెయ్యి అన్న మాట కింద గీత గీసి మరీ పంపండి!”

ఫోను పెట్టేశాను. బావగారి కళ్ళు చెమర్చాయి.

“ఎంత నిజాయితీ!” అన్నారు.

“నిజాయితీ కాదన్నయ్యా,” అంది మా ఆవిడ టీ గ్లాసులు తీస్తూ. “మొండితనం. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాగా.”

మామిడి సీజను అయిపోయి, తోటల్లో పుల్లలు ఏరే రోజుల్లో కార్డు తిరిగొచ్చింది. గట్టి ప్లాస్టిక్ పెట్టె, మీద అచ్చువేసిన చీటీ. కుర్రాడి పేరు ఉంది. అసలైనదే అని ఉంది. అంకె ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఆదివారమే కావడంతో అందరూ ఉన్నారు. చీటీ చదివి వినిపించాను.

“అసలైనదే అని రాయించుకోవడానికా అంత దూరం పంపావు?” అంది అక్క. “నన్నడిగితే నేను చెప్పకపోదునా?” అంటూ లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని బయల్దేరింది.

“ఎక్కడికక్కా?”

“గుడికి. కాయ కొట్టాలి.”

“పది రాలేదు కదా! రాకపోతే మొక్కు లేదు. నువ్వు పెట్టుకున్న షరతే అది.”

“క్షేమంగా ఇల్లు చేరింది కదరా. అన్ని సముద్రాలు దాటి వెళ్ళొచ్చింది. పది కాయలు కొట్టను, ఒకటి కొడతాను.”

నేను సాయం కోసం బావగారి వైపు తిరిగాను. కనీసం ఆయనైనా ఓటమి ఒప్పుకోవాలి. సంఘమంతా ఆమెన్ అన్న ప్రార్థన, సున్నా ఫలితం.

“నేను ప్రార్థించింది నెరవేరింది బావగారూ,” అన్నారు ఆయన ప్రశాంతంగా.

“పది రావాలని కదా అడిగారు!”

“మీ మనసులోని కోరిక అన్నాను. మీ మనసులో లోతుగా ఉన్న కోరిక నిజం చెప్పాలనే. అది ప్రభువుకు తెలుసు. అందుకే ఆ రోజు మీ నోట అలా పలికించాడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. పది వస్తే వాళ్ళదేనట, రాకపోయినా వాళ్ళదేనట! పరీక్షకు ముందు ఒక షరతు, ఫలితం వచ్చాక ఇంకో షరతు, ఇది ఏ వాదన? ఓడిపోయే అవకాశమే లేని మాట మాటే కాదు అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడాను. ఆ గంటలోనే అక్క గుడికి వెళ్ళి రావడం, కొబ్బరి ముక్కలు కోసి బెల్లంతో పళ్ళెంలో పెట్టడం కూడా జరిగిపోయాయి. నేను సరిగ్గా గట్టి పాయింటు దగ్గర నోరు తెరిచినప్పుడు అక్క అందులో పెద్ద ముక్క ఒకటి పెట్టేసింది. లేతకాయ, బెల్లం కూడా కొత్తది. ఉమ్మేయడానికి సిద్ధాంతం ఒప్పుకుంది గానీ నాలుక ఒప్పుకోలేదు. నములుతూనే వాదన కొనసాగించాను. ఆ సాయంత్రం నేను చెప్పినదాంట్లో మిగతా భాగం ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదని మా ఆవిడ అంటుంది.